వంటింట్లో దొరికిన ముద్దాయి

మా కజమాకి పట్టణ రహదారి భద్రతా సంఘం సంతోషపూర్వకంగా తెలియజేయునది ఏమనగా: ఏప్రిల్ పదిహేడో తేదీ మధ్యాహ్నం ప్రాథమిక పాఠశాల ముందరి జీబ్రా గీతల మీద జరిగిన ప్రమాదానికి కారకులెవరో తేలిపోయింది. ఆమె పేరు కుజిరాయి ఇకుయో. వయసు అరవై రెండు. రేవు వీధిలో 'కమోమె' అనే చిన్న భోజనశాల నడుపుతుంది. వ్యాను నడిపింది ఆమె కాదు. వ్యానులో ఆమె లేదు. ఆమెకు అసలు డ్రైవింగ్ లైసెన్సే లేదు. చేపల మార్కెట్‌కి కూడా సైకిల్ మీదే వెళుతుంది. ఇన్ని అడ్డంకులున్నా సంఘం పట్టు వదలకుండా మూడు వారాలు విచారించి, నేరం ఆమె వంటింట్లోనే పుట్టిందని కనిపెట్టింది.

పై పేరా సంఘం ఆమోదం పొందినది. ఇక్కణ్ణుంచి రాసేది నా సొంతం. నా పేరు సరుహాషి. పట్టణ కార్యాలయంలో పౌర భద్రతా విభాగం గుమాస్తాను, ఆ హోదాలోనే సంఘానికి కార్యదర్శిని. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. పెద్దవాళ్లు మాట్లాడకముందు ఒక్కసారీ నోరు తెరవలేదు. రెండో గుణం వల్లే ఇన్నాళ్లూ ఉద్యోగం సాఫీగా సాగింది.

మా దేశపు చట్టానిది విశాల హృదయం. తాగి బండి నడిపినవాడితోనే అది సరిపెట్టుకోదు. వాడు నడుపుతాడని తెలిసీ మందు ఇచ్చినవాడు, బండి ఇచ్చినవాడు, ఆ బండిలో దర్జాగా పక్కన కూర్చున్నవాడు, అందరినీ అక్కున చేర్చుకుంటుంది. ఈ సంగతి ఊరంతా తెలుసుకోవాలని మా సంఘం రంగురంగుల కరపత్రం వేయించి ఇంటింటికీ పంచింది. పంచే హడావుడిలో మాకు మాత్రం చదవడానికి తీరిక దొరకలేదు.

మా ఊరికి రైలు ఆగిపోయి పదేళ్లయింది. బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది. అంచేత భోజనశాల పెట్టదలచినవాళ్లు కార్లు నిలపడానికి చోటు చూపించి తీరాలని పట్టణ కార్యాలయం నిబంధన పెట్టింది. కమోమెలో మనుషులకు పద్నాలుగు చోట్లు, కార్లకు పన్నెండు. తాగడానికి వచ్చేవాళ్లు కారులో రావడానికి ఇంత చక్కటి వసతి కల్పించినందుకు ఆ మధ్య ఇకుయోకి ప్రశంసాపత్రం కూడా ఇచ్చాం. అందులోని వాక్యాలు నేనే కూర్చాను.

ఇక మా మర్యాదల సంగతి మీకు తెలియంది కాదు. ఎవరి గ్లాసులో వాళ్లు పోసుకోకూడదు. పక్కవాడు కనిపెట్టి పోయాలి, వెంటనే మనం అతనికి పోయాలి. గ్లాసు ఖాళీగా కనిపిస్తే తాగినవాడికి కాదు, పక్కన కూర్చున్నవాడికి తలవంపులు. పెద్దవాళ్లుంటే సీసా పట్టుకుని వాళ్ల ముందుకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో పోసి రావాలి. దానికి హోదా ప్రకారం ఒక వరస ఉంటుంది. సంఘం సభ్యులం పన్నెండు మందిమి. మొదటి స్థానం అధ్యక్షులు కాశివాగురా తొకుజిగారిది. ఆయన పాత కార్ల వ్యాపారి, అంచేత రహదారి భద్రత మీద ఆయనకు వల్లమాలిన మక్కువ. చివరి స్థానం నాది.

ఇలా అందరూ అందరికీ పోస్తే ఇళ్లకు బండి నడిపేదెవరన్న ప్రశ్న మా సంఘాన్ని చాలాకాలం వేధించింది. అందుకే 'స్టీరింగ్ సంరక్షకుడు' అనే పద్ధతి తెచ్చాం. విందుకు ముందే ఒకరిని ఎంచుకోవాలి, అతను చుక్క ముట్టకూడదు, మిగతావాళ్లని తనే ఇళ్లకు చేర్చాలి. అతని చొక్కాకి పసుపు గుడ్డ బిళ్ల ఒకటి గుచ్చేవాళ్లం. ఆ బిళ్లను ఎవరూ పెట్టుకునేవారు కాదు. అది చూస్తే నామర్దాగా ఉందని, జలుబు చేసినవాడి మెడలో గుడ్డలా ఉందని గొణిగేవారు.

దానికి గౌరవం తేవాలని ఈ ఏడాది కాశివాగురాగారు ఒక గొప్ప సంస్కరణ చేశారు. సభల్లో పెద్దలు ఛాతీ మీద పెట్టుకునే రిబ్బను పువ్వులు మీరు చూసే ఉంటారు. అలాంటిదే, కానీ వాటన్నిటికన్నా పెద్దది, జానెడు వెడల్పు ఎర్ర పట్టు రిబ్బను పువ్వు, కింద రెండు తోకలతో చేయించారు. మధ్యలో బంగారు దారంతో 'నేటి స్టీరింగ్ సంరక్షకులు' అని కుట్టించారు. పెట్టె తెరిచి చూపించగానే సభ్యులందరం ఆహా అన్నాం.

వసంతకాలపు రహదారి భద్రతా వారోత్సవాలు విజయవంతంగా ముగిసిన సందర్భంగా పదిహేడో తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి కమోమెలో విందు ఏర్పాటైంది. ముఖ్య అతిథి మాజీ మేయరు, సంఘం గౌరవ సలహాదారు ఒనోదెరా గెంజూరోగారు. పళ్లెంలో రెండు రిబ్బను పువ్వులున్నాయి. అధ్యక్షులవారి కోసం తెల్లది, మధ్యరకం. రెండోది ఎర్రది, పెద్దది. మాజీ మేయరుగారు లోపలికి రాగానే చిక్కు వచ్చిపడింది. ఆయన ఛాతీ ఖాళీగా వదిలేసి, ఆయనకన్నా చిన్నవాడికి ఆ పెద్ద పువ్వు పెట్టడమా? మిగతా పదకొండు మందిమీ నేల చూపులు చూశాం. కాశివాగురాగారు క్షణం కూడా తటపటాయించలేదు. పళ్లెంలోంచి ఎర్ర పువ్వు తీసి తన చేతులతో మాజీ మేయరుగారికి గుచ్చారు. చప్పట్లు కొట్టాం. దాని మీద కుట్టిన అక్షరాలు ఎవరూ గమనించలేదని కాదు, గమనించినట్టు కనబడటం పద్ధతి కాదు.

అప్పుడే ఇకుయో ఒక వెదురు బుట్ట పట్టుకుని వచ్చింది. భోజనశాల యజమానురాలిని మా దగ్గర 'ఒకామి' అని పిలుస్తాం. మా ఒకామికి మొహమాటం తక్కువ.

"అయ్యా, ముందే అడుగుతున్నాను, తర్వాత విసుక్కోకండి. ఇవాళ బండి నడిపేదెవరు? ఆ ఒక్కరూ తప్ప మిగతావాళ్లు తాళాలు ఈ బుట్టలో పడేయండి. తాళం ఇవ్వనివాళ్లకి బార్లీ టీయే గతి."

"చూస్తే తెలియడం లేదా ఒకామీ? ఛాతీ మీద అంత పెద్దది కనబడుతుంటే!" అన్నారు కాశివాగురాగారు.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. "ఒనోదెరాగారా? ఇంతమందిని ఆయన దింపుతారా?"

"సంఘం వ్యానులో, మూడు విడతల్లో."

"సరే. అయితే ఆయనకి బార్లీ టీ" అని పన్నెండు తాళాలూ పోగుచేసుకుని లోపలికి వెళ్లిపోయింది. నిబంధనలో ఉన్నదంతా ఆమె చేసింది. సంఘం విచారణలో ఇదే ఆమెకు వ్యతిరేకంగా మొదటి అంశం: నడిపేది ఎవరో ఆమెకు ముందే తెలుసు.

మాజీ మేయరుగారు ప్రసంగించారు. "రహదారి అంటే తారు కాదు, రహదారి అంటే మనసు. మనసు తిన్నగా ఉన్నవాడి చేతిలో బండి తనంతట తనే తిన్నగా పోతుంది. నలభై ఏళ్లుగా నేను ప్రజల్ని నడిపించాను. ఇవాళ మీరు నా భుజాల మీద పెట్టిన ఈ బాధ్యత నా జీవితంలో అన్నిటికన్నా బరువైనది, తేలికైనది కూడా!" అర్థం కాకపోయినా మాకు కళ్లు చెమర్చాయి.

తరువాత అందరూ గ్లాసులెత్తి 'కంపాయ్' అనే సమయం వచ్చింది. ముఖ్య అతిథి చేతిలో బార్లీ టీ ఉండటం సభకు శోభగా లేదు. "లాంఛనానికి ఒక్క గుక్క" అన్నారు అధ్యక్షులు. లాంఛనాన్ని కాదంటే విందే లేదు. ఆ ఒక్క గుక్కతో గ్లాసు ఖాళీ అయింది. ఖాళీ గ్లాసు కనబడగానే పన్నెండు మందికీ కర్తవ్యం గుర్తొచ్చింది. సీసాలు పట్టుకుని వరసలో నిలబడ్డాం. పోసేవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న సందేహం కూడా లేదు. అందరికన్నా పెద్ద పువ్వు ఎవరికి ఉందో వారి దగ్గరికే.

ఇకుయో వేగిన చేపల పళ్లెంతో బయటికి వచ్చి చూసింది. పళ్లెం పక్కన పెట్టేసింది.

"అధ్యక్షులుగారూ, ఏమిటండీ ఇది? ఆయన మీ అందర్నీ ఇళ్లకు చేర్చాలి కదా. ఆ సీసా ఇలా ఇవ్వండి."

"ఒకామీ, మీరు చేపల సంగతి చూసుకోండి. మాజీ మేయరుగారికి పోస్తే మర్యాద, పోయకపోతే అవమానం. వంటింట్లో ఉండేవాళ్లకి ఈ తేడా తెలియదులెండి."

"నాకు తెలియదు, ఒప్పుకున్నాను. రోడ్డుకి తెలుస్తుందా?"

ఆమె మాటకారితనానికి అందరం హాయిగా నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. మాజీ మేయరుగారి ముందు ఉన్న గ్లాసు తీసేసి బార్లీ టీ పెట్టి వెళ్లింది. ఐదోస్థానంలో ఉన్న సభ్యుడు టీని మొక్కల కుండీలో పారబోసి అదే గ్లాసులో పోశాడు. ఏ పాత్ర అయితేనేం, భక్తి ముఖ్యం.

రెండోసారి వచ్చినప్పుడు ఆమె ఏకంగా చెయ్యి చాపింది. "ఒనోదెరాగారూ, మీ వ్యాను తాళం కూడా ఇటివ్వండి. మీరు తాగేశారు."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నా తాళం నువ్వు తీసుకుంటే బండి ఎవరు నడుపుతారమ్మా? సంరక్షకుణ్ణి నేనే కదా?"

ఈ తర్కాన్ని సభ తలలూపి ఆమోదించింది. ఇకుయో లోపలికి పరుగెత్తి, తాగినవాళ్ల కార్లను ఇంటికి తోలిపెట్టే అద్దె డ్రైవర్ల కంపెనీకి ఫోన్ చేసింది. మా ఊళ్లో అలాంటిది ఒక్కటే ఉంది, అదీ సాయంత్రం ఆరింటికి తెరుస్తారు. కజమాకి పౌరులు పట్టపగలు తాగరని వాళ్ల నమ్మకం. ఆమె వంటింట్లో టాక్సీ నంబరు వెతుకుతుండగా ఇక్కడ విందు ముగిసిందని అందరూ కలిసి కొట్టే చప్పట్లు కూడా అయిపోయాయి. ఆ ముందు నిమిషంలోనే నా వంతు వచ్చింది. పన్నెండో గ్లాసు నాది.

మొదటి విడతగా హోదా ప్రకారం మొదటి నలుగురూ వ్యాను ఎక్కారు. మిగిలిన ఎనిమిది మందిమీ వీధి చివర వరసగా నిలబడి, బండి కనుమరుగయ్యేదాకా నడుము వంచి నమస్కరించాం. బడి ముందరి జీబ్రా గీతలు అక్కడికి రెండువందల అడుగులే. బండి కనుమరుగు కావడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది, ఆ శబ్దం రావడానికి అయిదు సెకన్లు పట్టింది. మా తలలు ఇంకా వంగే ఉన్నాయి. అందువల్ల ప్రమాదాన్ని మాలో ఎవరూ చూడలేదని, నాకు కనబడింది నా బూట్లు మాత్రమేనని పోలీసులకు నిజాయితీగా వాంగ్మూలం ఇచ్చాను. తల వంచనిది ఇకుయో ఒక్కతే. ఏప్రన్‌తో, వంటింటి చెప్పులతో, "ఆపండి! ఆపండీ!" అని అరుస్తూ మా మధ్యలోంచి వ్యాను వెనక పరుగెత్తింది. ఆ పరుగుకి మా వరస చెదిరింది.

జీబ్రా గీతల దగ్గర తొబె హమా అనే డెబ్బై నాలుగేళ్లావిడ పసుపు జెండాతో నిలబడి ఉంది. పదకొండేళ్లుగా రోజూ ఆ వేళకి ఒకటో తరగతి పిల్లల్ని రోడ్డు దాటిస్తోంది. పిల్లలు 'జెండా బామ్మ' అంటారు. వ్యాను వంకరగా రావడం చూసి, ముందుకొచ్చిన ఇద్దరు పిల్లల్ని ఆమె వెనక్కి తోసింది. పిల్లలకేమీ కాలేదు. ఆమెకు తుంటి ఎముక, కుడి చెయ్యి విరిగాయి. అంబులెన్సు వచ్చేదాకా బామ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఇకుయోనే. సంఘం అధ్యక్షులు వ్యాను దిగి, తనకు నిద్రపట్టిందని, ఏమీ చూడలేదని అక్కడే మొదటి ప్రకటన చేశారు.

మూడో రోజు మాజీ మేయరుగారు విలేకరుల ముందు పది సెకన్లపాటు తల వంచి, "ప్రజలకు ఆందోళన కలిగించినందుకు చింతిస్తున్నాను" అన్నారు. వంగిన కోణం నిండుగా ఉందని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. ఆయన కేసు ఆయనకు వేరే నడుస్తోంది. ఊదే గొట్టానికి హోదాలు తెలియవు కనుక అందులో మేం చేయగలిగిందేమీ లేదు. సలహాదారు పదవికి ఆయన రాజీనామా ఇస్తే, కృతజ్ఞతాపత్రం ఇచ్చి స్వీకరించాం.

సంఘం ప్రతినిధి వర్గం ఆసుపత్రికి వెళ్లి జెండా బామ్మకు చెక్కపెట్టెలో కర్బూజా ఇచ్చింది. ఫోటో బాగా రావడానికి ఆమె కట్టు కనబడకుండా దుప్పటి సర్దాం. "ఆ పండు కోసి పెట్టేవాళ్లెవరైనా ఉన్నారా మీలో?" అని అడిగింది. మాలో ఎవరికీ కత్తి పట్టడం అలవాటు లేదు. మేం వచ్చేస్తుంటే ఇకుయో గంజి క్యారియర్‌తో ఎదురొచ్చింది. రోజూ వస్తుందట.

అసలు చిక్కు సార్జెంట్ కుమెతో వచ్చింది. కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి, ఇంకా ఊరి పద్ధతులు పట్టుబడలేదు. మా పన్నెండు వాంగ్మూలాలూ ఒకేలా ఉన్నాయన్నది అతని ఫిర్యాదు. 'మద్యం భోజనశాలది. ఎవరు పోశారో జ్ఞాపకం లేదు' అని అందరం ఒకే వాక్యం రాశాం. వాక్యం నేనే తయారుచేసి ఇచ్చాను, భాష చక్కగా ఉండాలని.

"అయ్యా, మీ మీద నాకు పగేమీ లేదు" అన్నాడు కుమె, మా అందర్నీ ఠాణాలో నిలబెట్టి. "ఆవిడ ఆయనకి టీయే ఇచ్చానంటోంది. పోసినవాళ్ల పేర్లు కూడా చెప్పింది. కానీ ఒకవైపు ఆవిడ మాట, ఇంకోవైపు పన్నెండు కాగితాలు. మీలో ఒక్కరంటే ఒక్కరు 'నేను పోశాను, ఆవిడ వద్దంది' అని రాసివ్వండి. ఆవిడ బయటపడుతుంది. లేదా, కాగితాల ప్రకారం మందు ఇచ్చింది ఆవిడ ఒక్కతే. ప్రాసిక్యూటర్‌కి పంపక తప్పదు. కొట్టు మూతపడుతుంది, జైలు కూడా పడొచ్చు. సోమవారం సాయంత్రం దాకా ఆగుతాను."

శుక్రవారం అత్యవసర సమావేశం పెట్టుకున్నాం. కాశివాగురాగారు లేచారు. "నిజాన్ని కాపాడుకోవడం మన ధర్మం. ఇంత విలువైన వస్తువును ఇలాంటి సమయంలో బయటికి తీసి పాడుచేసుకుంటామా? అయినా మన సంఘంలో ధైర్యానికి కొదవ లేదని లోకానికి చూపించాలి. ఒప్పుకోదలచినవారు ఒప్పుకోవచ్చు. నేను అడ్డుపడను." మేం చప్పట్లు కొట్టాం.

అక్కడ మా సభ్యుల సంస్కారం బయటపడింది. ఒప్పుకోవడానికి అందరూ సిద్ధమే. కానీ పోసినప్పుడు ఉన్న వరస ఒప్పుకునేటప్పుడు మాత్రం ఉండొద్దా?

"అధ్యక్షులవారుండగా నేను ముందు ఒప్పుకోవడం ఏం బాగుంటుంది? మీరు కానివ్వండి" అన్నాడు ఉపాధ్యక్షుడు.

"అధ్యక్షుడు ఒప్పుకుంటే సంఘమే ఒప్పుకున్నట్టవుతుంది. అది మీ అందరికీ అవమానం, నేను సహించలేను. మీరే కానివ్వండి."

"అబ్బెబ్బే, మీ తరువాతే."

"మొహమాటపడకండి, మీరే."

గంటన్నరసేపు ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూనే ఉన్నారు. ఒక్కరు కూడా గీత దాటలేదు. నా సంగతి అడుగుతారా? నేను ఒప్పుకోవడానికి నూటికి నూరుపాళ్లు సిద్ధంగా ఉన్నాను. నా ముందు పదకొండు మంది ఉన్నారంతే. చివరికి అందరికీ సమ్మతమైన తీర్మానం దొరికింది. ఇకుయో చేతనే ఒక పశ్చాత్తాప లేఖ రాయిస్తే శిక్ష తగ్గవచ్చు, అది సంఘం ఆమెకు చేసే ఉపకారం. ఈ నివేదిక మొదటి పేరా కూడా ఆ రోజే ఆమోదించారు. లేఖ మీద సంతకం పెట్టించుకు రమ్మని నన్ను పంపారు.

శనివారం కమోమెకి వెళ్లాను. కొట్టు తెరిచినప్పుడు బయట కట్టే గుమ్మం తెర లోపలే మడిచి ఉంది. ఇకుయో గిన్నెలు బోర్లించి పాత వార్తాపత్రికల్లో చుడుతోంది. నేనిచ్చిన కాగితం చదివి బల్ల మీద పెట్టింది.

"బాగా రాశారు సరుహాషిగారూ. 'అత్యాశతో అతిథులకు అపరిమితంగా అందించి.' ఇది నేనేనా?"

"అది మామూలుగా వాడే భాషండీ."

"పన్నెండో గ్లాసు పోసింది మీరే. వంటింట్లో టాక్సీ నంబరు వెతుకుతూ తలుపు సందులోంచి చూశాను. పోసేముందు మీరు వంటింటి వైపు తొంగి చూశారు. చూశారంటే అది తప్పని మీకు తెలుసన్నమాట."

నేను కాగితాన్ని బల్ల అంచుకి సమానంగా జరిపాను.

"మా ఆయన పోయాక ఇరవై రెండేళ్లు ఈ పొయ్యి మీదే బతికాను. తాళాలు అడిగితే తిట్టారు, పడ్డాను. టీ ఇస్తే నవ్వారు, పడ్డాను. నేను అమ్మాను గనక నాదే తప్పంటే, సరే, నా వంతు తప్పు నేను మోస్తాను. సీసాలు ఎత్తుకెళ్లి మోరీలో పారబోయాల్సింది, పారబోయలేదు. కానీ మీ పన్నెండు మందివీ నేనెందుకు మోయాలండీ? నాకు నడుం నొప్పి."

నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెబుతున్నాను, ఇంటిదాకా తల ఎత్తలేకపోయాను. అయితే సిగ్గుపడటానికి మా విభాగంలో ప్రత్యేకమైన రిజిస్టరు లేదు. సంతకం లేని కాగితాన్ని ఫైల్లో పెట్టేశాను.

సోమవారం పొద్దున కార్యాలయం తెరవగానే చక్రాల కుర్చీ ఒకటి నా కౌంటరు ముందుకు వచ్చింది. కుర్చీలో జెండా బామ్మ. తోసుకొచ్చింది ఇకుయో. బామ్మని వదిలి, తను లోపలికి రాకూడదన్నట్టు తలుపు బయటే నిలబడింది. ప్రమాద బాధితులు నింపాల్సిన ఫారం మా విభాగంలోనే ఇస్తాం. బామ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"బాబూ, 'వాహనం నడిపినవారు' అని ఒక గీత ఉంది, అది సరే. కింద 'మద్యం అందించినవారు' అనీ ఒకటే గీత ఉంది. ఇదెలా సరిపోతుంది?"

"అందులో కుజిరాయి ఇకుయో అని రాస్తే సరిపోతుందండీ."

"ఆ అమ్మాయి రోజూ గంజి తెచ్చిపెడుతోంది. మందు పోసింది తను కాదు. పన్నెండు గీతలున్న ఫారం ఇవ్వు."

"అలాంటి ఫారం లేదండీ."

"నీ దగ్గర స్కేలుందిగా? గీయి."

బాధితుల సహేతుకమైన కోరికను కాదనకూడదని నిబంధన. స్కేలు పెట్టి పన్నెండు గీతలు గీశాను, ఎడం సమానంగా వచ్చేలా. ఆమె నా పనితనాన్ని మెచ్చుకోలుగా చూసింది.

"వీటిలో నీది ఎన్నో గీత నాయనా?"

నన్ను ఎవరైనా 'నువ్వు పోశావా' అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు, ఆ వాక్యం నేనే రాశాను. కానీ ఆమె అడిగింది నా స్థానం. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా స్థానం గురించి నేను ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

"చివరిదండీ" అన్నాను.

"అయితే అక్కణ్ణుంచే మొదలుపెడదాం. నువ్వే రాయి, నా చెయ్యి కట్టులో ఉంది."

చెయ్యి పనిచేయని పౌరులకు ఫారాలు నింపిపెట్టడం మా విభాగం విధుల్లో మొట్టమొదటిది. పన్నెండో గీత మీద నా పూర్తి పేరు రాశాను. ఆమె చదివించుకుని, పక్కన 'ఒకామి వద్దన్నా పోశాను' అని కూడా రాయించింది. కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని, "సార్జెంట్ దగ్గరికి పద తల్లీ" అని కేకేసింది. తలుపు దగ్గర ఇకుయో నా వైపు చూసి తల వంచింది. నేను ఇంకా ఎక్కువ వంచాను. తల ఎత్తేసరికి కుర్చీ మెట్ల పక్క వాలు దిగిపోతోంది.

ఈ సంఘటన మీద నా అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేస్తున్నాను. పెద్దలు పదకొండు మంది ఉండగా అందరికన్నా చిన్నవాడి పేరు ముందు రాయించడం మా ఊళ్లో కనీవినీ ఎరుగని అపచారం. మధ్యాహ్నానికల్లా పదకొండోస్థానం సభ్యుడు ఫోన్ చేసి, "నా పేరు కూడా రాశావా?" అని భయంగా అడిగాడు. రాయలేదని, కానీ ఇప్పుడు తన వెనక వరసలో ఎవరూ లేరని చెప్పాను. ఇంతవరకూ చదివి నవ్వుకున్న మీరు కూడా, కిందటి విందులో ఎవరి గ్లాసు ఖాళీగా ఉందని తొందరపడ్డారో ఒకసారి గుర్తు చేసుకోండి. బామ్మ గీతల వెంట కిందనుంచి పైకి వస్తోంది.